నాలుగు మూలల విమానం

లూసియన్‌కి ముద్ద దిగడం లేదు. ఫ్రాన్సులో చిన్న ఊళ్ళను కలపడానికి రెండు ఇంజన్ల విమానం ఒకటి తయారుచేశారు. జనం కూర్చునే దాని పొట్టభాగం గీసింది అతనే. పెట్టెలాగా నాలుగు మూలలతో ఎంతో ముచ్చటపడి గీసుకున్నాడు. పట్టుమని నాలుగు విమానాలు ఎగిరాయో లేదో, పైనుంచి కబురొచ్చింది: ఇక ఇవి కట్టేది లేదు, గుండ్రటిది గీయండి, లోపల గాలి ఒత్తిడి తగ్గకుండా నింపి మబ్బుల పైన నడపాలి, మూలలుంటే ఆ ఒత్తిడికి పగులుతాయి.

విమానాల బొమ్మలు గీసే ఆ గదికి పెద్ద ఆర్మాన్ మాస్టారు. లూసియన్‌కి పెన్సిల్ పట్టడం నేర్పింది ఆయనే.

"మీరొక్క మాట చెబితే వింటారు మాస్టారూ. అది నా ప్రాణం. గుండ్రటిది గీయమంటే పని మానేసి పోతాను."

"పోదువుగానిలే. ముందు ప్రయాణం చేసి రావాలి కదా."

అది ఆ గదిలో ఆచారం. ఏ బొమ్మ పక్కన పెట్టేసినా, గీసినవాడు ఆ విమానంలో టిక్కెట్టు కొనుక్కుని, తనెవరో చెప్పకుండా జనంలో కూర్చుని ఒకసారి వెళ్ళిరావాలి.

ఇద్దరూ ఎక్కారు. లూసియన్ గోడ మూలను అరచేత్తో నిమురుతూ కూర్చున్నాడు. మబ్బుల్లో ఒకటే కుదుపులు. కొండలు దాటి దిగడం మొదలెట్టగానే, ముందు సీట్లో పసిపిల్ల చెవులు పట్టుకుని గుక్కపట్టింది. తల్లికి కడుపులో తిప్పేసి, పిల్లని పట్టుకునే ఓపిక కూడా లేదు పాపం.

మాస్టారు లేచి పిల్లని అందుకున్నారు. తెచ్చి లూసియన్ ఒళ్ళో పెట్టి, తన సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

లూసియన్ జోకొట్టాడు, పాడాడు, టోపీ ఇచ్చి ఆడించబోయాడు. దిగేకొద్దీ గాలి ఒత్తిడి మారి చెవుల్లో పోటు పెడుతుంటే పిల్ల ఏం ఊరుకుంటుంది? చక్రాలు నేలను తాకి కాసేపయ్యాకగానీ ఏడుపు ఆగలేదు. అతని చొక్కా తడిసిపోయింది.

"గుండ్రంగానే ఉండాలి," అన్నాడు దిగాక. అని, వెనక్కి తిరిగి విమానాన్నే చూస్తూ నిలబడిపోయాడు. "దీన్నెలా మరిచిపోను మాస్టారూ?"

"మొదట దీనికి పాతరకం ఇంజన్లుండేవి, పిస్టన్లవి. నేను పెట్టించినవే. తీసేసి ఈ కొత్తవి బిగించారు."

"మీరు మరిచిపోయారా?"

విమానం మళ్ళీ జనాన్ని ఎక్కించుకుని లేచింది. మాస్టారు తల పక్కకి వంచి, మోత పూర్తిగా అణిగిపోయేదాకా చెవి ఒగ్గి నిలబడ్డారు.

"ఆ చప్పుడు కాదురా ఇది," అన్నారు. "పద, గీద్దాం."