జంబులింగం జీపు, నందీశం మెడ

ఎర్రకొండ మీది జంతువులకి ఉప్పు కావాలన్నా, బెల్లం కావాలన్నా, పక్కవాళ్ళ మీద నాలుగు చాడీలు చెప్పుకోవాలన్నా కొండ కింద సంతకి దిగాల్సిందే. దిగడానికి ఒకటే ఘాట్ రోడ్డు, దాని మీద తిరిగేవి రెండే బళ్ళు. ఒకటి జంబులింగం అనే నక్కది, డీజిల్ జీపు. రెండోది నందీశం అనే ఎద్దుది, రెండు చక్రాల కొయ్యబండి. కింద డీజిల్ బంకు పెట్టింది కోతి గనక జీపు కిరాయి అరటిపళ్ళలో ఇవ్వాలి. నందీశానికి ఓ కట్ట ఎండుగడ్డి ఇస్తే చాలు.

చాలు అన్నానే గానీ, ఇచ్చేవాళ్ళు ఏరీ? జీపు వచ్చాక అందరికీ మెత్తటి సీటు మరిగింది. సంతలో జీపు దిగితే ఉన్న మర్యాద బండి దిగితే ఎక్కడుంది? పొద్దంతా ఖాళీ బండి లాగే ఎద్దుకి గడ్డి కోసుకునే తీరిక కూడా ఉండదు. ఎండలు ముదిరితే కొండ మీద పరక దొరకదు. కిందటేడు గడ్డివామి చిన్నదైపోయి నందీశం డొక్కలు ఎండి, ఎముకలు లెక్కపెట్టేలా తయారయ్యాడు. ఈ ఏడూ అలాగే అయితే బతకనని వాడికి తెలుసు.

అప్పట్లో జంబులింగం దర్జా చూసి తీరాలి. పది అడుగుల్లో ఉన్న వాగుకి స్నానానికి జీపులో వెళ్ళేవాడు. టీ తాగినంత సేపూ ఇంజను ఆపేవాడు కాడు. రోడ్డుకి అడ్డంగా తొండ కనిపించినా హారన్ మోగించేవాడు.

అలాంటివాడి నెత్తిన ఒకరోజు కోతి మారయ్య బంకు బోర్డు పడింది. పడిందంటే నిజంగా కాదులెండి, ధర పెరిగింది.

"ఏంటి మారయ్యా, నిన్న గెలకి నిండిన డబ్బా ఇవాళ సగం కూడా నిండలేదేంటి?"

"నన్నేం చెయ్యమంటావు, ఎక్కడో ఎడారిలో ఒంటెలు కొట్టుకుంటున్నాయట."

"ఒంటెలు కొట్టుకుంటే మన కొండకి ఏంటి సంబంధం?"

"అదే నేనూ అడిగాను. అడిగినందుకు ఇంకో రెండు పళ్ళు పెంచారు."

నెల తిరిగేసరికి ఒంటెలు రాజీపడ్డాయి. ధర మాత్రం దిగలేదు. అదేమని అడిగితే, ఎక్కడం నేర్పారు గానీ దిగడం నేర్పలేదన్నాడు మారయ్య, పండు ఒలుచుకుంటూ.

జంబులింగానికి అలవాట్లన్నీ మారిపోయాయి. వాగుకి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. తర్వాత స్నానమే మానేశాడు. తోకలు బయటికి వేలాడేదాకా జనాన్ని కుక్కితే గానీ జీపు కదిపేవాడు కాడు. మేక అచ్చమ్మ ఎక్కబోతుంటే, "అత్తా, ఇప్పుడే నీళ్ళు తాగొచ్చినట్టున్నావు, బరువు కదా," అని గొణిగేవాడు. దిగుడులో ఇంజను ఆపేసి జారుడు మీద పోనిచ్చేవాడు. కానీ ఎక్కుడులో అలా కుదరదే! ఎక్కుడు డీజిల్ తాగేస్తుంది. అందుకని కిరాయి రెట్టింపు చేశాడు.

అంతే, జనం ఒక్కొక్కరే నందీశం బండి వైపు తిరిగారు. "గతుకులైతే గతుకులు, గడ్డి కట్టతో పోతుంది," అంది అచ్చమ్మ. చాలాకాలం తర్వాత నందీశం ఇంటి ముందు వామికి అడుగు పడింది. రోజూ పొద్దున లేచి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ మురిపెం జంబులింగం కంట్లో పడింది. ఓ సాయంత్రం సంత ముగిసే వేళకి మెడలో తాడు చుట్ట వేసుకుని వచ్చాడు.

"బావా, నా జీపు ఇంజను పాడైంది. ఎలాగూ పైకే కదా వెళుతున్నావు, నీ బండి వెనక కట్టుకుంటాను. మెకానిక్కు వచ్చేదాకానే."

"నా బండిలో జనం ఉన్నారు, జంబులింగం. రెండూ లాగలేను."

"జనాన్ని జీపులో కూర్చోబెడతాను. నీ బండి ఖాళీ, నీకు సులువు. నీ ఎండాకాలం వామికి పూచీ నాది. ఇంటి కప్పంత ఎత్తు వేయిస్తాను, సరేనా?"

కాదనడం నందీశానికి పుట్టుకతో రాని విద్య. తలూపాడు.

ఆ రోజు నుంచీ జరిగిన అన్యాయం చూడండి. పొద్దున జీపు ఇంజను లేకుండా కిందికి జారుతుంది. సాయంత్రం నందీశం మెడ మీద పైకి ఎక్కుతుంది. మెత్తటి సీటు మీద జనం, స్టీరింగు పట్టుకుని ఈల వేస్తూ జంబులింగం. పళ్ళన్నీ వాడి బుట్టలోకే. చుక్క డీజిల్ కాలకుండా జీపు నడిపిన మొనగాడు లోకంలో వాడొక్కడే అయ్యుంటాడు. మెకానిక్కు మాత్రం రానే రాలేదు. వాళ్ళ అత్తగారికి బాగోలేదని ఒకసారి, మెకానిక్కుకే బాగోలేదని ఇంకోసారి చెప్పాడు జంబులింగం. ఇక్కడ నందీశం వామి పెరగడం ఆగి, తరగడం మొదలైంది. రోజూ అంత బరువు లాగితే ఆకలి వేయదా మరి?

ఒకరోజు నందీశం నోరు తెరిచి అడిగాడు. "జంబులింగం, నా గడ్డి సంగతి?"

"అదే లెక్క చూస్తున్నాను బావా. తాడు నాది కదా, రోజూ అరుగుతోంది. దాని అద్దె నీ గడ్డిలో కోసుకున్నాను. ఇంకా నువ్వే నాకు కాస్త ఇవ్వాలి. పర్వాలేదులే, మనలో మనకేంటి."

నందీశానికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు దారిలో అడవిపంది వరహాలు ఎదురయ్యాడు. కందతోటకి నీళ్ళు పెట్టి వస్తున్నాడు.

"మీ జంబులింగం పుణ్యమా అని నా మోటారు ఆడుతోంది నందీశం. జీపులో ఉన్న డీజిలంతా నాకు అమ్మేశాడు. బంకు ధర కంటే తక్కువకే ఇచ్చాడులే. ఇంకా ఉందా అంటే, టాంకు బోర్లించి చూపించాడు."

"ఇంజను పాడైందన్నాడే?"

"ఇంజనుకేం, గుండ్రాయిలా ఉంది. ఎద్దు ఉండగా ఇంజను ఎందుకని నాతోనే అన్నాడు," అని, ఎవరితో అంటున్నాడో అప్పుడు గుర్తొచ్చి వరహాలు నాలుక కరుచుకున్నాడు.

నందీశం ముందుకి నడిచాడు.

ఆ సాయంత్రం జీపు నిండా జనం. అచ్చమ్మ ఉంది, వరహాలూ ఉన్నాడు. ఘాట్ రోడ్డులో అన్నిటికన్నా నిటారు మలుపు దగ్గరికి రాగానే నందీశం ఆగాడు.

"జంబులింగం, చక్రాల వెనక రాళ్ళు పెట్టుకో."

"ఎందుకు బావా?"

"పెట్టుకో. నీ మంచికే."

నక్క దిగి నాలుగు బండరాళ్ళు పెట్టాడు. నందీశం నింపాదిగా మెడ కాడిలోంచి తీసుకుని, రోడ్డు పక్కన కాళ్ళు ముడిచి కూర్చుని నెమరు మొదలుపెట్టాడు.

ఎర్రకొండ మీద ఒక కట్టుబాటు ఉంది. నెమరుకి కూర్చున్న జీవాన్ని పులి అయినా సరే లేపకూడదు. అది తెలిసీ జంబులింగం దగ్గరికెళ్ళి భుజం తట్టబోయాడు.

"చెయ్యి తియ్యి," అంది అచ్చమ్మ జీపులోంచి. "నెమరు వేసుకునేవాళ్ళని ముట్టుకుంటే మా జాతి ఊరుకోదు."

పొద్దు వాలుతోంది. నందీశం దవడ అటూ ఇటూ ఆడుతూనే ఉంది. పిల్లల్ని ఇంట్లో వదిలేసి వచ్చిన అచ్చమ్మకి ఓపిక అయిపోయింది.

"ఆయన తీరిక ఆయనది. నువ్వు ఇంజను వెయ్యి."

"పాడైంది కదత్తా."

"పాడైతే ఎంత పాడైందో వేసి చూపించు."

తాళం తిప్పాడు. కిర్రుమంది, ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. వరహాలు ఇక ఆపుకోలేకపోయాడు. "ఎందుకు దాని ప్రాణం తీస్తావు? డీజిల్ నా మోటారులో ఉంటే జీపు ఎలా కదులుతుంది?"

జీపులో అందరూ ఒక్కసారి వాడి వైపు తిరిగారు. తర్వాత జంబులింగం వైపు తిరిగారు. తిట్లు మొదలయ్యాయి. అవి ఇక్కడ రాయను గానీ, చాలా బాగున్నాయి. ఎవరి పళ్ళు వాళ్ళు బుట్టలోంచి తీసుకుని కిందికి దిగారు.

అప్పుడు నందీశం లేచాడు. జీపు తాడు ముడి విప్పాడు. "బండి ఖాళీగానే ఉంది. కిరాయి పాతదే, గడ్డి కట్ట. రేపు ఇచ్చినా సరే." అందరూ ఎక్కేశారు.

"బావా, మరి నా జీపో?" అన్నాడు జంబులింగం.

"దానికీ కిరాయి ఉంది. ఎండాకాలానికి సరిపడా వామి."

"తప్పకుండా. మాటిస్తున్నాను."

"మాట నేను తినను. గడ్డి వేసి చూపించు, లాగుతాను."

మర్నాటి నుంచి ఘాట్ రోడ్డున పోయేవాళ్ళందరికీ ఒక వేడుక దొరికింది. కొండవాలు మీద కొడవలి పట్టుకుని గడ్డి కోస్తున్న నక్కని పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చూడలేదు. కోసింది మోసుకెళ్ళి నందీశం ఇంటి ముందు వేయాలి, మళ్ళీ వచ్చి కోయాలి. వామి తన నడుము ఎత్తు లేచినప్పుడు జంబులింగం ఇది చాలా అని అడిగాడు. నందీశం నెమరు వేసుకుంటూ ఇంటి కప్పు వైపు చూశాడు. నక్క మళ్ళీ కొడవలి తీసుకున్నాడు.

చివరికి వామి కప్పుని తాకింది. అన్న మాట ప్రకారం నందీశం వెళ్ళి మలుపులో ఆగిన జీపుని బండికి కట్టుకున్నాడు. ఒళ్ళంతా గడ్డి నలకలతో, బొబ్బలెక్కిన చేతులతో జంబులింగం హమ్మయ్య అనుకుంటూ స్టీరింగు ముందు కూర్చోబోయాడు.

"దిగు," అన్నాడు నందీశం వెనక్కి తిరక్కుండానే. "జీపుకే బేరం కుదిరింది, నీకు కాదు. వెనక నుంచి తొయ్యి."

నీతి: ఇంకొకరి మెడ మీద బండి నడుపుకునేవాడు ఆ మెడకి గడ్డి ముందే వేసి ఉంచాలి, లేకపోతే నిటారు మలుపులో తనే కోసుకోవాలి.