లాగి చూడని గూళ్లు

చెరకుతోటల అవతల, వాడకం పోయిన దిగుడుబావి ఒకటి ఉంది. దాని గట్టున పెరిగిన ఈతచెట్టు తిన్నగా నిలబడలేక నీళ్ల మీదికి వంగిపోయింది. మనుషులకు ఎందుకూ పనికిరాని ఆ చెట్టు మీద నారాయుడు అనే గిజిగాడు గూళ్ల కంపెనీ నడిపేవాడు.

కావాలని పెట్టిన కంపెనీ కాదది. పక్క పొలంలో సీతాలు అనే గువ్వ ఉండేది. గువ్వల పనితనం మీకు తెలిసిందే. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి, అదే గూడనుకుని గుడ్లు పెట్టేస్తాయి. సీతాలు ఏటా గుడ్లు పెట్టేది, ఏటా గాలికి అవి నేలపాలయ్యేవి. దాని ఏడుపు వినలేక నారాయుడు ఓసారి వాకిలి కాస్త వెడల్పు చేసి ఒక గూడు అల్లి ఇచ్చాడు. ఆ ఏడు మొదటిసారి సీతాలు పిల్లలకు రెక్కలొచ్చాయి. ఆ సంగతి పిచ్చుకలకు తెలిసింది, పికిలిపిట్టలకు తెలిసింది. మాకూ అల్లిపెట్టు నాయనా అంటూ గింజలు పట్టుకుని అందరూ వచ్చారు. నారాయుడు తన ఈడు గిజిగాళ్లను పనిలో పెట్టుకున్నాడు.

గిజిగాళ్లలో ఒక ఆచారముంది. మగవాడు గూడు సగం అల్లి ఆపుతాడు. ఆడది వచ్చి దానికి వేలాడి, ముక్కుతో పోచ పోచా పట్టి లాగుతుంది. పోచ ఊడి వచ్చిందా, ఆ గూట్లో కాపురం పెట్టదు. నారాయుడు ఆ ఆచారాన్ని కంపెనీలోకి తెచ్చాడు. లాగే పని తన మేనత్త కొండమ్మకు అప్పగించాడు. కొండమ్మత్త లాగుడంటే పనివాళ్లకు హడల్. ఒక్క పోచ కదిలినా గూడంతా విప్పి బావిలో పారేసేది. అలిగినా అంతే, బతిమాలినా అంతే.

వ్యాపారం బాగా సాగుతున్న ఆ రోజుల్లో బావి గట్టుకి నక్క వరహాలు వచ్చాడు.

"నమస్కారం నారాయుడుగారూ! మిమ్మల్ని చూడాలంటే మెడ నొప్పి పుడుతోందండీ. అంత ఎత్తుకి ఎదిగారు."

నారాయుణ్ణి అంతవరకు గారూ అని పిలిచినవాడు లేడు. అల్లుతున్న పోచ వదిలేసి కిందికి చూశాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

"పట్నంలో పెద్ద హోటల్ వెనకాల బతికినవాణ్ణండి. లోపల పెద్ద పెద్ద కంపెనీల అధిపతులు వచ్చి, మేం ఇలా పైకొచ్చాం అంటూ మైకులో చెప్పేవారు. మిగతావాళ్లు ఎంగిలాకుల కోసం కొట్టుకునేవాళ్లు. నేను మాత్రం చెవులు రిక్కించి వినేవాణ్ణి." అందులో సగం అబద్ధం. వరహాలు ఎంగిలాకులూ వదల్లేదు.

"ఏం చెప్పేవారేటి?" అన్నాడు నారాయుడు, ఒక కొమ్మ దిగి.

"వేగం, నారాయుడుగారూ! ఆలస్యం చేసినవాడి వాటా పక్కవాడు పట్టుకుపోతాడన్నారు. మీ పనివాళ్లు అల్లుతుంటే ఆ ముసలావిడ విప్పుతోంది. ఇది కంపెనీయా, ఆటా?"

"మా అత్త లాగితే గానీ గూడు బయటికి పోదు. అది మా పద్ధతి."

"పద్ధతులు మార్చుకున్నవాళ్లే పెద్దవాళ్లయ్యారండి. ఇంకోటి కూడా అన్నారు. కొనేవాళ్లని మన దగ్గరికి రప్పించుకోవడం కాదు, మనమే వాళ్ల ముంగిట్లోకి వెళ్లాలట. ఈ పాడుబావి మీదికి, ఈ ముళ్లలోకి ఎవరొస్తారు? అదిగో, ఆ కానుగతోపు చూడండి. ఎంత చల్లగా ఉంది! నిక్కితే అందేలా కొమ్మలు."

నిక్కితే ఎవరికి అందుతాయో నారాయుడు అడగలేదు. నీళ్ల మీద, ముళ్ల మధ్య గూడు కట్టమని వాళ్ల తాతలు ఎందుకు నేర్పారో ఆ క్షణాన గుర్తుకు రాలేదు. పొగడ్త అలాంటిది. బుర్రలోకి దూరితే పక్కనున్నవన్నీ బయటికి గెంటేస్తుంది.

ఆ మర్నాడే గొడవైంది. పిచ్చుకలు గూళ్లు చూసుకుందామని వచ్చి కూర్చున్నాయి. వాటి కళ్ల ముందే కొండమ్మత్త ఒక గూటికి వేలాడి, ఒక్క పోచ లాగి, గూడంతా విప్పేసింది.

"అత్తా! బేరం వచ్చినవాళ్ల ముందు పరువు తీస్తావేటి?"

"పరువు పోతే మళ్లీ వస్తాది. పిల్ల పడిపోతే వస్తాదేటిరా? ఎండుగడ్డితో అల్లేరు, సూడు. పచ్చి పోచైతే ఎండేకొద్దీ బిగుస్తాది. ఎండుది ఇరిగిపోతాది. లోపల మట్టిముద్ద కూడా లేదు. బరువు లేని గూడు గాలికి ఊరుకుంటాదా?"

"మట్టి మొయ్యడానికి బోలెడు పొద్దు పోతోంది. ఇలాగైతే మనం ఎప్పటికి ఎదుగుతాం?"

"ఎవలు సెప్పేర్రా ఈ మాటలు? కింద కూకున్నోడేనా?"

నారాయుడికి ఒళ్లు మండింది. అందరూ చూస్తున్నారు. పనివాళ్లు లోలోపల నవ్వుకుంటున్నారు. "నీకు వయసైపోయింది అత్తా. ఇంక విశ్రాంతి తీసుకో" అన్నాడు.

కొండమ్మత్త ముక్కున ఉన్న పోచని వదిలేసింది. అది బావిలో పడింది.

"నన్ను పొమ్మంటే పోతాన్రా. లాగుడు మాత్రం వొగ్గీకు. నాను కాపోతే ఇంకోలి సేత లాగించు" అని పక్కనే పారే ఏటి అవతలి గట్టుకి ఎగిరిపోయింది.

నారాయుడు ఇంకెవరికీ ఆ పని అప్పగించలేదు. లాగేవాళ్లు లేకపోయేసరికి పనివాళ్లకు ప్రాణం లేచొచ్చింది. ఎండుగడ్డి దండిగా దొరికింది. మట్టి మొయ్యడం మానేశారు. చూస్తుండగానే కానుగతోపులో కొమ్మకొమ్మకీ గూళ్లు వేలాడాయి. వరహాలు రోజూ వచ్చి వాటి కింద తిరిగేవాడు, ఆహా అనేవాడు, మీలాంటివాళ్ల గురించే ఆ పట్నం అధిపతులంతా చెప్పిందని అనేవాడు. నారాయుడు తోపు పైన ఎగురుతూ కిందికి చూసుకుని ఇదంతా నాదే అని మురిసిపోయేవాడు. లోపల ఎక్కడో చిన్న భయం ఉండేది. దాన్ని పట్టించుకుంటే మురిపెం పాడవుతుందని పట్టించుకోలేదు.

సీతాలు కూడా తోపుకి వచ్చింది. దానికి మళ్లీ గుడ్లు పెట్టే వేళైంది. గూటి వాకిట్లో నిలబడి, లోపల అడుగు పెట్టకుండా అడిగింది.

"అన్నయ్యా, దీన్ని అత్త లాగి సూసిందా?"

అత్త వెళ్లిపోయిందని చెప్పొచ్చు. నువ్వే ఒకసారి లాగి చూసుకోమని చెప్పొచ్చు. వెనకాల పికిలిపిట్టలు వింటున్నాయి, కింద వరహాలు వింటున్నాడు.

"లాగింది" అన్నాడు నారాయుడు.

సీతాలు ఇంకేమీ అడగలేదు. మొదటి గూడు ఇచ్చినవాడి మాట కదా. లోపలికెళ్లి కూర్చుంది.

గుడ్లు పిల్లలయ్యాయి. తోపంతా కిచకిచలతో నిండిపోయింది. అప్పుడొచ్చింది గాలివాన, మధ్యాహ్నం అన్నాలవేళకి, పడమటి నుంచి. ముందు గాలి, వెనక చినుకులు. మట్టి బరువు లేని గూళ్లు కొమ్మలకి కొట్టుకుని తిరగడం మొదలుపెట్టాయి. ఎండుగడ్డి పటపటా తెగింది. ఒక గూడు పడింది. పక్కది పడింది. ఆపైన ఏది ఎక్కడ పడుతోందో చూసేవాడు లేడు.

కింద నీళ్లు లేవు, ముళ్లూ లేవు. వరహాలు ఉన్నాడు. ఆ రోజు ఒంటరిగా రాలేదు, పెళ్లాన్నీ పిల్లల్నీ బంధువుల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. పొదల్లో పొద్దుటినుంచీ కూర్చున్నారట, మబ్బు చూసి.

నారాయుడు తడిసిన రెక్కలతో సీతాలు గూటి దగ్గరికి వచ్చి పడ్డాడు. గూడు ఇంకా ఊడలేదు, ఒక పక్కకి ఒరిగింది. లోపల పిల్లలు అరుస్తున్నాయి. సీతాలు వాకిట్లో రెక్కలు అడ్డం పెట్టింది.

"అన్నయ్యా, పట్టుకో! పట్టుకో!"

నారాయుడు కాళ్లతో కొమ్మని బిగించి, గూటి పీకని ముక్కుతో పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. ఆ గూటిని ఎవరైనా లాగడం అదే మొదటిసారి. పోచలు తేలిగ్గా ఊడి ముక్కుకి వచ్చేశాయి. గూడు కిందికి పోయింది. గువ్వ ఎగిరి బయటపడింది. పిల్లలకు రెక్కలు రాలేదు.

కింద ఏం జరిగిందో చెప్పడం నాకిష్టం లేదు. సీతాలు మాత్రం చివరిదాకా చూసింది.

వాన వెలిశాక సీతాలు నారాయుడి పక్కన కొమ్మ మీద వాలింది. ఏడవలేదు.

"లాగిందన్నావు కదా అన్నయ్యా" అంది. ఆ ఒక్క మాటే అని వెళ్లిపోయింది. నారాయుడికి తిట్టించుకునే అదృష్టం కూడా దక్కలేదు.

తోపులో చెదిరిన గూళ్ల మధ్య వరహాలు పడుకుని మూతి నాక్కుంటున్నాడు. నారాయుడు వాడికి అందనంత ఎత్తులో వాలి అరిచాడు.

"ద్రోహీ! నన్ను నాశనం చేశావు!"

"నేనేం చేశాన్రా? ఎండుగడ్డి తెచ్చింది నీవాళ్లు. అత్తని పొమ్మన్నది నువ్వు. లాగిందని చెప్పింది నువ్వు. నేను నాలుగు మంచి మాటలు చెప్పాను. పెద్దవాళ్లు చెప్పినవే, అందులో అబద్ధం ఒక్కటీ లేదు."

"మరి వాళ్ల కంపెనీలు ఎలా నిలబడ్డాయి?"

వరహాలు ఆవులించాడు. "వాళ్లు ఇంకో మాట కూడా చెప్పేవారు, అన్నిటికంటే ముందు. నీ పనిలో తప్పు పట్టేవాళ్లని బతిమాలి అయినా దగ్గర పెట్టుకో అనేవారు. అది విన్నాకనే మిగతావి వినమనేవారు. నీకు అది చెబితే నా పిల్లలు ఏం తింటారు?"

నారాయుడు ఏటి అవతలికి వెళ్లాడు. కొండమ్మత్త మాట్లాడింది, పక్కన కూర్చోబెట్టుకుంది, తడిసిన రెక్కలు సవరించింది. తిరిగి రమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఎవల కోసం లాగమంటావురా ఇప్పుడు?"

నిజమే, ఎవరూ లేరు. పిచ్చుకలు మనుషుల ఇళ్ల చూరుల్లోకి పోయాయి. పికిలిపిట్టలు తోపు వదిలేశాయి. మరుసటి ఏడు నారాయుడు పచ్చి పోచలు తెచ్చి, మట్టిముద్దలు పెట్టి, పూర్వంలాగే బావి మీద గట్టి గూడొకటి అల్లాడు. సీతాలుని పిలిచాడు. సీతాలు దాని వైపు చూడను కూడా లేదు. పొలంగట్టు మీది చెట్టుకొమ్మన నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి, గాలి వస్తే పడిపోతుందని తెలిసీ, వాటిమీదే గుడ్లు పెట్టుకుంది.

తప్పు పట్టేవారిని సాగనంపితే తప్పు ఎక్కడికీ పోదు, నమ్మి వచ్చినవాళ్ల నెత్తిన పడుతుంది.