మడుగు ఒడ్డున నల్లరాళ్లు

బూడిదకోన అడవిలో కణుజులనే పెద్ద జింకలు, దుప్పులు, ఎలుగుబంట్లు, అడవిపందులు, ముళ్లపందులు ఉండేవి. అన్నిటికీ తాగడానికి ఒక్కటే మడుగు. దాని ఒడ్డంతా బురద. కిందటి వానాకాలంలో ఒక దుప్పిపిల్ల ఆ బురదలో కూరుకుపోయి చచ్చిపోయింది. దాని తల్లి నీళ్లకు వచ్చినప్పుడల్లా అక్కడే కాసేపు నిలబడేది.

ఈసారి వానలు రాకముందే ఒడ్డంతా గట్టిగా ఏదైనా పరవాలని జంతువులు అనుకున్నాయి. పెద్ద కొమ్ముల కణుజు పెత్తనం తీసుకుంది.

ఎలుగుబంటి వెదురు బద్దలు తెచ్చింది. అడవిపంది మద్దిచెక్కలు ఈడ్చుకొచ్చింది. కణుజు వాగులో అరిగి నున్నబడ్డ నల్లరాతి పలకలు తెప్పించింది. ముసలి ముళ్లపంది కొండవాలు నుంచి గరుకురాళ్లు దొర్లించుకొచ్చింది.

"ఇవేం రాళ్లు అవ్వా? అచ్చం నీ వీపులాగే ఉన్నాయి!" అంది కణుజు.

"నా వీపు సంగతి సరే బాబూ. అన్నిటినీ ఒక పక్షం రోజులు నీళ్లలో నానేద్దాం. తరవాత తడికాళ్లతో నడిచి చూద్దాం."

"పక్షం రోజులా! ఈలోగా ఎందుకు నానేశామో నువ్వే మరిచిపోతావు."

అన్నీ నవ్వాయి. ముళ్లపంది తల దించుకుంది.

"మరిచిపోతానేమో. అందుకే ఇప్పుడే చెబుతున్నాను" అంది.

తల్లిదుప్పి మాత్రం నవ్వలేదు. "అవ్వ చెప్పినట్టు చూస్తే ఏం పోయింది?" అంది. ఎవరూ పట్టించుకోలేదు.

కణుజు ఎండలో నల్లరాళ్ల మీద అటూ ఇటూ నడిచింది. గిట్టలు టకటకమన్నాయి.

"విన్నారా? నడకంటే ఇదీ!" అంది. ఆ చప్పుడు దానికి ఎంతో నచ్చింది. మూడు రోజుల్లో జంతువులు ఒడ్డంతా నల్లరాళ్లు పరిచాయి.

ముళ్లపంది ఒడ్డున మిగిలిపోయిన ఒక మూలన తన గరుకురాళ్లను నీళ్లదాకా సన్నని దారిగా పేర్చుకుంది. నాలుగు రకాల ముక్కలనూ నీటిగుంటలో నానేసింది. పక్షం గడిచేసరికి వెదురు చీలింది. చెక్క బూజుపట్టి జిగటగా మారింది. నల్లరాయి మీద నాచు పట్టి, కాలు పెడితే జారింది. గరుకురాయి మీదా నాచు పట్టింది గాని, కాలు నిలిచింది.

ముళ్లపంది వెళ్లి ఆ మాట చెప్పింది. కణుజు చెవి కూడా కదపలేదు.

వానలు మొదలయ్యాయి. నల్లరాళ్లన్నీ పచ్చగా నాచు కట్టాయి. ఒక ఉదయం కణుజు గిట్టల చప్పుడు వినాలని ఎప్పటిలాగే పరుగున వచ్చింది. ముందుకాళ్లు జారాయి. ఒక కాలు రెండు పలకల మధ్య ఇరుక్కుని విరిగింది.

లాగడానికి వచ్చిన ఎలుగుబంటి తనే జారి పడింది. ఆ తరవాత దగ్గరికి పోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నీళ్లు కణుజు మూతికి మూరెడు దూరంలో ఉన్నాయి. అందలేదు.

"అవ్వా, నువ్వు చెప్పావు" అంది నీరసంగా.

"మాట్లాడకు బాబూ, అలిసిపోతావు" అంది ముళ్లపంది. గరుకుదారి చివరిదాకా వెళ్లి, తడి ఆకులు ఒక్కొక్కటే దాని వైపు తోసింది. కణుజు వాటిని నాకింది. మూడో రోజుకి నాకడం మానేసింది.

ఆ వానాకాలమంతా జంతువులు ఆ సన్నని దారి మీదే, ఒకదాని వెనక ఒకటి వచ్చి నీళ్లు తాగాయి. "ముందు నువ్వు తాగు అవ్వా" అని దారి ఇచ్చేవి. ముళ్లపంది తాగి వెళ్లిపోయేది. తల్లిదుప్పి రోజూ కొండవాలు నుంచి ఒక గరుకురాయి దొర్లించుకొచ్చి, ఆ దారి పక్కన పెట్టేది.

నీతి: ఎండలో మెరిసేదాన్ని కాదు, వానలో కాలు నిలబెట్టేదాన్ని ఎంచుకోవాలి, పరీక్షించి చూడమన్న పెద్దల మాటను నవ్వి తోసేయకూడదు.