జామచెట్టుకు కట్టిన డిస్కు

బొబ్బిలి బజారులో తవిటయ్య అనే రేడియో మెకానిక్ ఉండేవాడు. పనిమంతుడే, కానీ 'నాకు తెలియదు' అనే మాట చచ్చినా అనేవాడు కాదు. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీల పక్కన డీవీడీ ప్లేయర్లు చేరాయి. తవిటయ్య వాటి ముందు కూడా అన్నీ తెలిసినట్టే కూర్చునేవాడు.

ఒకరోజు వెనక వీధి అప్పయ్యమ్మ అతన్ని పిలిపించింది. ఆమె భర్త సింహాద్రి జముకు వాయిద్యం మోగిస్తూ, పాడుతూ జముకుల కథ చెప్పి ఊళ్లు తిరిగిన మనిషి. ఆయన పోయి ఏడాదయింది. చివరిసారి జాతరలో పాడినప్పుడు ఎవరో వీడియో తీసి ఒక డిస్కు ఇచ్చారు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు, అందులోనే ఉంది. అది వినాలనే ఆమె కొత్త ప్లేయరు కొనుక్కుంది.

టీవీ వెనక మూడు రంగుల కన్నాలు రెండు వరుసలుగా ఉన్నాయి. ఏ వరుస ఎందుకో తవిటయ్యకు తెలియదు. పసుపు వైరు ఒక వరుసలో, ఎరుపు, తెలుపు వైర్లు రెండో వరుసలో గుచ్చేశాడు. బొమ్మ వచ్చింది. సింహాద్రి నోరు కదిలింది. మాట మాత్రం రాలేదు.

"ప్లేయరుతో పుస్తకం ఇచ్చారు, ఓపాలి సూడు బాబూ. నేకపోతే పక్కింటోల డిస్కు ఏసి సూద్దాం," అంది అప్పయ్యమ్మ.

వేరే డిస్కు కూడా పలక్కపోతే తప్పు తనదేనని తేలిపోదూ? అందుకే తవిటయ్య ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్ల సర్వీసు నాది, నాకు పుస్తకాలెందుకమ్మా? డిస్కులోనే సౌండు పోనాది," అని తేల్చేసి వెళ్లిపోయాడు.

పేరున్న మెకానిక్ చెప్పాక ఆమె నమ్మక ఏం చేస్తుంది? నాలుగు రోజులు ఆ మూగబొమ్మను చూసింది. నోరు కదులుతున్నా మాట వినబడకపోతే, ఇక చూడలేకపోయింది. పాడైన డిస్కుల్ని అందరూ చేసినట్టే దారం కట్టి, ఆ మెరుపుకు చిలకలు రాకుండా పెరట్లో జామచెట్టుకు వేలాడదీసింది.

వానాకాలం గడిచింది. మరో ఇంట్లో తవిటయ్య అలాగే వైర్లు గుచ్చాడు. అక్కడా సౌండు రాలేదు. ఆ ఇంటి కోడలు పుస్తకం తీసి చదివింది. "మూడూ ఒకే వరుసలో పెట్టాలంట," అంటూ రెండు వైర్లు మార్చింది. ఇల్లంతా పాట మోగింది. తవిటయ్యకు సింహాద్రి డిస్కు గుర్తొచ్చింది.

పరుగున అప్పయ్యమ్మ ఇంటికి వెళ్లాడు. డిస్కు ఏదని అడిగితే ఆమె జామచెట్టు చూపించింది. చెట్టు నుంచి దాన్ని విప్పి, తువ్వాలుతో తుడిచాడు. ఎండకూ వానకూ దాని పొర లేచిపోయింది. వైర్లు సరిగ్గా పెట్టి వేస్తే, ప్లేయరు కాసేపు గిరగిరా తిప్పి 'డిస్కు లేదు' అని చూపించింది. ఈసారి బొమ్మ కూడా రాలేదు.

"తప్పు నాదేనమ్మా. డిస్కు బాగానే ఉండేది. నాకే తెలీలేదు," అన్నాడు.

అప్పయ్యమ్మ డిస్కును ఒళ్లో పెట్టుకుంది. "ఈ మాట ఆ రోజే అనుంటే, ఇంకొకర్ని పిలుసుకుందును కదా బాబూ," అంది. ఆమె తిట్టి ఉన్నా బాగుండేదని తవిటయ్య ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

తెలియనప్పుడు తెలియదని చెబితే మనకు పోయేది కాస్త గొప్ప మాత్రమే. చెప్పకపోతే ఎదుటివాళ్లకు మళ్లీ దొరకనిది పోతుంది.