ఖాళీ బీడు, ఖాళీ విడిది

వెనకటికి ఒక రాజుగారి బావమరిది, రణభూపతి అనేవాడు, కొండ మీద విలాసమైన విడిది కట్టించాడు. పట్టుపరుపులున్నాయి, పన్నీటి స్నానాలున్నాయి, అతిథులే లేరు. కొండ కింద ఊరి ఉమ్మడి మేతబీడు తనకి కౌలుకిస్తే పూలతోట వేస్తాననీ, అప్పుడు జనం విరగబడి వస్తారనీ రాజుగారి చెవిలో ఊదాడు.

రాజుగారు బీడు చూడ్డానికి వచ్చారు. వానలు పడి గడ్డి ఎదిగేదాకా అందులోకి మందల్ని తోలకూడదన్నది ఊరి కట్టుబాటు. అందుకని అక్కడ ఒక్క మేకైనా లేదు.

"చూశారా బావగారూ, ఎవరికీ పనికిరాకుండా పడుంది" అన్నాడు రణభూపతి.

మేకలు కాసే చెంచమ్మ ఆ మాట విని ముందుకొచ్చింది. బీడు పోతే మందని అమ్ముకోవాల్సిందే. అయినా తొణక్కుండా చేతులు జోడించింది.

"నిజమే దొరా. ఖాళీగా ఉన్నది అవసరమున్నవాళ్లకి ఇవ్వాల్సిందే. నా మేకలు ఎండకి మాడిపోతున్నాయి. చిన్నదొరగారి విడిదిలో గదులన్నీ ఖాళీయే కదా, అవి నాకు కౌలుకిప్పించండి."

రణభూపతి మొహం కందగడ్డయింది. "నా పట్టుపరుపుల మీద నీ మేకలు పడుకుంటాయా? ఇవాళ ఖాళీగా ఉంటే ఎప్పటికీ ఖాళీయేనా? దానికీ ఒక కాలం రావాలి, అప్పుడు నిండుతుంది."

"మా బీడూ అంతే దొరా" అంది చెంచమ్మ. "కాకపోతే మా గడ్డి ఏటా వస్తుంది."

బీడు ఊరివాళ్లదేనని రాజుగారు అక్కడికక్కడే తేల్చేశారు. పల్లకీ ఎక్కబోతూ బావమరిది వైపు తిరిగారు.

"ఆ మేకలకైనా కౌలుకివ్వాల్సిందోయ్. విడిది నిండిందన్న మాటైనా దక్కేది."