పోలమ్మ కొయ్య పట్టిన రోజు

కూర్మనాథ పంతులు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏ మాటకైనా అర్థం అడిగితే నిఘంటువు తీసేవారు కాదు. ఆ మాట ఎక్కడ పని చేస్తోందో అక్కడికి నడిపించుకుపోయేవారు. ఆయన దగ్గర ధర్మశాస్త్రం చదువుకుంటున్న గౌరీపతి ఒక ఉదయం పాఠం మధ్యలో ఆగి అడిగాడు.

"గురువుగారూ, 'అధికారిని అభిశంసించుట' అని ఉందిక్కడ. అంటే పదవిలోంచి దించెయ్యడమేనా?"

పంతులుగారు తాటాకులు కట్టేశారు. "మంచి రోజు చూసి అడిగావు. కింద రేవులో పోలమ్మ అనే జాలరి ఆవిడ ఇవాళ కొయ్య పడుతుందట. పద."

కొయ్య పట్టడం ఆ రేవు ఆచారం. సముద్రంలోంచి పడవలు ఏటిలోకి రావడానికి అక్కడ రెండు మొగలున్నాయి, ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. ఇసుక మేట కదిలినప్పుడల్లా ఒకటి పూడుకుపోతుంది, ఇంకొకటి తెరుచుకుంటుంది. ఏ మొగ లోతుగా ఉందో చూసి గట్టు మీది జెండా కొయ్యకు గుడ్డ ఎత్తడం రేవు పెద్ద ఉద్యోగం. ఎర్ర గుడ్డ ఎత్తితే ఉత్తరపు మొగలోంచి రావాలి, తెల్లది ఎత్తితే దక్షిణపు మొగలోంచి. ఆ ఉద్యోగంలో ఆయన తప్పు చేశాడని ఎవరైనా అనదలచుకుంటే, కులపెద్దల ఎదుట ఆ కొయ్య మీద చెయ్యి వేసి, ఆయన మొహంలోకి చూస్తూ, ఏ రోజున ఏం జరిగిందో చెప్పాలి. ఆయన తలపాగా తీయకుండా కూర్చుని వినాలి, విని జవాబు చెప్పాలి. ఆ పైన తీర్పు పెద్దలది.

వీళ్లు వెళ్లేసరికి గట్టంతా జనం. రేవు పెద్ద జగ్గునాయుడు చాప మీద తల వంచుకుని కూర్చున్నాడు. పోలమ్మ కొయ్య మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"నాయుడు బావూ! పోలాల అమాసనాడు గాలి లేచింది. మా ఇంటాయన పడవ మొగల ముందరికొచ్చి గుడ్డ కోసం చూసింది. కొయ్య మీద ఎర్రదీ నేదు, తెల్లదీ నేదు. ఏ మొగ మంచిదో తెలక ఉత్తరానికి తిప్పినారు. మేట మీద పడవ ముక్కలైపోయింది, ఆయన ఒడ్డుకి రానేదు. ఆ రోజు నువ్వు గుడ్డ ఎత్తనేదని ఈ కొయ్య పట్టుకుని అంటన్నాను. జవాబు సెప్పు."

నాయుడు నోరు తెరవబోయాడు. అంతలో జనం ఒక్కసారిగా గోల చేస్తూ లేచారు. "ఇంకా జవాబేటి? దొంగ నాయాలు! లాగండి బయటికి!" ఎవరో ఆయన తలపాగా ఎగరగొట్టారు. గౌరీపతికి రక్తం పొంగింది. ఉత్తరీయం నడుముకు బిగించి ముందుకు దూకాడు. "అభిశంసన అయిపోయింది! శాస్త్రం ప్రకారం ఈయన ఇక అధికారి కాడు!" అని అరిచాడు. చదువుకున్న మనిషే ఆ మాట అన్నాక ఇంకేం కావాలి? వల తాళ్లు తెచ్చి నాయుణ్ణి లంగరు గుంజకు కట్టేశారు. కులపెద్ద ఎర్రయ్య చేతులెత్తి వారిస్తూనే ఉన్నాడు. ఆయన గొంతు ఎవరికీ వినపడలేదు.

అప్పుడే గాలి తిరిగింది. ఈశాన్యం నల్లబడింది. చూస్తూండగానే కెరటాలు గట్టెక్కసాగాయి. వేకువనే వేటకు పోయిన పడవలు మొగల ముందర గుమిగూడి ఊగుతున్నాయి. వాటిలో ఒకదాని మీద పోలమ్మ కొడుకు దానయ్య ఉన్నాడు.

"గుడ్డ! గుడ్డ ఎత్తండి!"

ఒకడు ఎర్రది పట్టుకుని పరుగెత్తాడు. ఇంకొకడు వాడి చేతిలోంచి లాక్కుని తెల్లది కట్టబోయాడు. ఇద్దరూ కొయ్య కింద కలబడ్డారు. "ఇప్పుడు ఇక్కడ పెద్ద ఎవుడ్రా?" అని ఒక ముసలాయన కేకపెట్టాడు. నాయుడు గుంజ దగ్గర గింజుకుంటున్నాడు. అక్కణ్ణుంచి ఆయనకు మొగలు కనిపించవు.

పోలమ్మ కొయ్య వదిలి గబగబా నడిచింది. నడుముకు దోపిన చేపల కత్తి తీసి తాడు మీద వేసింది.

"ఓలి పోలీ! నీ మొగుణ్ణి పొట్టనెట్టుకున్నోణ్ణి ఇప్పుతావేటే? నీకు గాని మతి పోయిందా?"

"మతి మీకు పోయింది! నాను కొయ్య పట్టినాను. ఆయన ఉద్యోగం పీకీసినానని ఎవుడు సెప్పినాడు? పెద్దలు తీర్పు సెప్పీదాకా ఆ గుడ్డ ఆయనదే." తాడు తెగింది. కింద పడిన తలపాగా తీసి నాయుడి చేతిలో పెట్టింది. "లెగు బావూ. నా కొడుకున్నాడక్కడ."

నాయుడు గట్టు చివరి బండ ఎక్కాడు. రెండు మొగల మీదా విరుగుతున్న కెరటాలకేసి ఒక్క చూపు చూశాడు. "తెల్లది!" అన్నాడు. తనే తాడు లాగాడు. తెల్ల గుడ్డ గాలికి ఫట్‌మని విచ్చుకుంది. పడవలు ఒకదాని వెనక ఒకటి దక్షిణానికి తిరిగాయి. మొదటి పడవ మొగ దాటింది. రెండోది దాటింది. మూడో పడవలోంచి దానయ్య నడుములోతు నీళ్లలోకి దూకి "అమ్మా!" అని అరిచాడు.

ఇక ఆ కేరింతలు చెప్పనలవి కాదు. నాయుణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు. "నాయుడు బావుకి జై! ఇసుమంటి పెద్ద ఏ రేవులో ఉన్నాడు!" తాళ్లు తెచ్చినవాళ్లే ముందుండి గెంతుతున్నారు. గౌరీపతి కళ్లు తుడుచుకుంటూ అందరికంటే గట్టిగా జై కొడుతున్నాడు.

పోలమ్మ కొడుకు తల ఒకసారి గుండెకు అదుముకుంది. తర్వాత వెళ్లి మళ్లీ కొయ్య మీద చెయ్యి వేసింది.

"దించండాయన్ని."

ఎవరూ వినిపించుకోలేదు.

"దించండంటన్నాను! నా మాటకి జవాబు రానేదింకా."

కేకలు తగ్గాయి. నాయుణ్ణి దించారు. ఆయన తలపాగా సరిచేసుకుని వెళ్లి చాప మీద కూర్చున్నాడు. పోలమ్మ గొంతు ఇప్పుడు చాలా మెల్లగా ఉంది.

"గుడ్డ ఎత్తడం నీకు ఇంత సులువే కదా, బావూ. ఆ రోజెందుకు ఎత్తనేదు?"

నాయుడు ఆమె పాదాలకేసి చూశాడు. "ఆ రోజు నాను గట్టు మీద లేను, పోలమ్మా," అన్నాడు. "మా వియ్యంకుడి ఊళ్లో సంబరానికి పోయినాను. గుడ్డ సంగతి ఎవరికీ ఒప్పసెప్పనేదు."

పెద్దలు దగ్గరగా జరిగి తలలు కలిపారు. వాన మొదలైంది. పంతులుగారు శిష్యుడి భుజం తట్టి వెనక్కి తిరిగారు.

గట్టు దిగుతూ గౌరీపతి ఆగాడు. "గురువుగారూ, తీర్పు వినకుండానే వచ్చేస్తున్నాం. ఇంతకీ ఆయన పదవి ఉన్నట్టా, పోయినట్టా?"

పంతులుగారు తడిసిన పంచె కుచ్చెళ్లు పిండుకున్నారు.

"అది పెద్దలు చెబుతారు. మీరంతా ఆయన్ని ఒకసారి కట్టేశారు, ఒకసారి భుజాలకెత్తుకున్నారు. రెండుసార్లూ పాపం ఆయనకి జవాబు చెప్పే అవసరం లేకుండా చేశారు, నాయనా."