మూడు మాటల ముద్దాయి

వారిజకి తన కక్షిదారు మీద నమ్మకం పోయింది. కొత్త వకీళ్లకి ఇది మామూలే. రెండేళ్లు తిరక్కుండానే వచ్చిన ప్రతివాడూ అబద్ధాలకోరులా కనిపిస్తాడు. కానీ వారిజ సణిగి ఊరుకునే రకం కాదు. కేసు వదులుకుంటున్నామని కోర్టుకి ఇచ్చే కాగితం టైపు చేయించి, శనివారం పొద్దున్నే తీసుకెళ్లి సీనియరు ముందు పెట్టింది.

సీనియరు రవూఫ్ గారు ఆదోనిలో నలభై ఏళ్లుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్న మనిషి. కాగితం చదివి కళ్లజోడు తీశారు.

"ఏమైందమ్మా?"

"తిక్కస్వామి అబద్ధం చెప్తున్నాడు సార్."

తిక్కస్వామి పత్తి మిల్లులో హమాలీ. పనిలోంచి తీసేశారన్న కోపంతో ఒక మధ్యాహ్నం మూడింటికి మిల్లు గోడౌనుకి నిప్పు పెట్టాడని కేసు. ఆ మంటల్లో ఒక మనిషి చనిపోయాడు. తిక్కస్వామి నాలుగు నెలలుగా సబ్‌జైల్లో ఉన్నాడు. సోమవారం సాక్షుల విచారణ మొదలవుతుంది. ఆ మూడింటికి తానెక్కడున్నాడో చూపించలేకపోతే అతనికి యావజ్జీవం తప్పేలా లేదు.

"మొదట ఇంట్లో పడుకున్నానన్నాడు. భార్యనడిగితే, ఆ రోజు ఇంటికి తాళమేసి కూలికి పోయానంది. రెండోసారి అడిగితే మ్యాట్నీకి వెళ్లానన్నాడు. అతను చెప్పిన సినిమా హాలు ఆ వారమంతా మూసే ఉంది సార్. మొన్న అడిగితే ఎమ్మిగనూరులో అక్క దగ్గరున్నానన్నాడు. ఫోన్ చేశాను. ఆవిడ తమ్ముడి మొహం చూసి ఏడాదైందట."

రవూఫ్ గారి ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. కక్షిదారు చెప్పింది ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసుకోవాలి. వారిజ నోటుబుక్కులో ఆ పెన్సిల్ రాతల కింద ఎర్ర సిరాతో మూడు గీతలున్నాయి, పేజీ చిరిగేంత గట్టిగా.

"చేయనివాడైతే ఇన్నిసార్లు మాటెందుకు మారుస్తాడు సార్? వాడి కోసం నిలబడాలని నాకు లేదు. ఇంకో వకీలు దొరికేదాకా లోపలే ఉండనీండి."

ఆయన వాదించలేదు. పెన్ను మూత తీశారు. సంతకం పెట్టబోతూ ఆగి, కేసు కట్ట విప్పి కాగితాలు తిరగేశారు. మళ్లీ మొదట్నుంచి తిరగేశారు.

"మిల్లు పాత మేనేజరు ఇచ్చిన ఉత్తరం ఏదమ్మా?"

గోడౌనులో కరెంటు వైర్లు ఎప్పట్నుంచో పాడైపోయి ఉన్నాయని ఆ మేనేజరు రహస్యంగా రాసిచ్చిన ఉత్తరం అది. అవతలి పక్షానికి ముందే దొరికితే, సోమవారానికల్లా అతని నోరు మూయించేస్తారు. గుమాస్తా ఈరన్న బీరువా అంతా వెతికాడు. లేదు.

"నిన్న ఎన్నింటికి వెళ్లావు?" రవూఫ్ గారి గొంతు మారింది. బోనులో సాక్షిని అడిగే గొంతు అది.

"ఐదింటికి సార్. నేరుగా ఇంటికే."

"ఐదున్నరకి మళ్లా వచ్చినారు గదా మేడం?" అన్నాడు ఈరన్న. పాపం, అతని మనసులో ఏమీ లేదు.

"ఆఁ, అవును. గొడుగు మర్చిపోయాను. తీసుకుని వెళ్లిపోయాను."

గొడుగు కిటికీకి వేలాడుతూనే ఉంది. ముగ్గురూ దానివైపు చూశారు.

"అంటే... దాని కోసమే వచ్చి, మళ్లీ మర్చిపోయాను. తలనొప్పిగా ఉండి మాత్రల కోసం బజారుకి వెళ్లాను."

"బజారుకి, ప్రభుత్వ వకీలు గారి వీధిలోంచా? నిన్న నిన్నక్కడ చూసినవాళ్లున్నారు."

"అటు... అటైతే దగ్గరని సార్."

ఈరన్న ఒక్కసారి ఆమె సంచి వైపు చూశాడు. రెండేళ్లుగా రోజూ ఆమెకి టీ తెచ్చిచ్చిన మనిషి. ఆ చూపుకి వారిజకి ఏడుపొచ్చినంత పనైంది.

నిన్న ఆమె వచ్చింది సొరుగులోని తన సర్టిఫికెట్ల కోసం. వాటితో నేరుగా ప్రభుత్వ వకీలు ఇంటికి వెళ్లి, ముద్దాయిల తరఫున నిలబడ్డం నావల్ల కావట్లేదు, నన్ను మీ జూనియర్‌గా చేర్చుకోండి అని అడిగి వచ్చింది. అది నేరమేమీ కాదు. కానీ ఓనమాల దగ్గర్నుంచి పని నేర్పిన మనిషి ముందు ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదు.

రవూఫ్ గారు లేచి, గోడకి తగిలించిన నల్లకోటు జేబులోంచి ఒక మడత కాగితం తీసి బల్ల మీద పెట్టారు. మేనేజరు ఉత్తరం.

"పొద్దున నేనే తీశాను."

వారిజ మొహం కందిపోయింది. "మరి నన్నెందుకు సార్ దొంగలా నిలబెట్టారు?"

"మూడు మాటలు చెప్పావు," అన్నారాయన. "ఉత్తరం నువ్వు తీశావా?"

"లేదు సార్!"

"లేదు," అన్నారాయన కూడా.

సంతకం పెట్టని కాగితాన్ని ఆమె వైపు జరిపి, పెన్ను మూత పెట్టేశారు.

"అంటే తిక్కస్వామి ఆ పని చేయలేదంటారా?"

"నాకేం తెలుసమ్మా? నేనక్కడ లేను."

ప్రభుత్వ వకీలు ఇంటికి ఎందుకు వెళ్లావని ఆయన అడగలేదు. తెలిసే అడగలేదా, తెలియకా? వారిజ ఆ మొహంలో వెతికింది గానీ ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నం వారిజ సబ్‌జైలుకి వెళ్లింది. ఆమెని చూడగానే తిక్కస్వామి గొంతు సవరించుకున్నాడు. నాలుగో మాట సిద్ధం చేసుకున్నాడనిపించింది ఆమెకి. అతని మీద అనుమానం ఇప్పటికీ పోలేదు. ఎర్ర పెన్ను సంచిలోనే ఉంచి పెన్సిల్ తీసింది.

"ఆ రోజు ఎక్కడున్నారని అడగను," అంది. "అది ఎవరికి తెలుస్తుందని భయపడుతున్నారో చెప్పండి."

తిక్కస్వామి తల తిప్పి వార్డరు ఎంత దూరంలో ఉన్నాడో చూసుకున్నాడు. తర్వాత ఊచల దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మా ఇంటిదానికి చెప్పరు గదా మేడం?"